రంజాన్‌లో మనసు బాగోలేనివాళ్ళకి తోడుండాలంటే ఏం చెయ్యాలి

రంజాన్‌కి ముందొచ్చే షాబాన్ నెల సగం దాటిందంటే మన ఇళ్ళల్లో లెక్కలు మొదలవుతాయి. సెనగపిండి ఎంత, ఖర్జూరం ఎక్కడ కొనాలి, జకాత్ (ఏటా తప్పక ఇవ్వాల్సిన దానం) ఎవరెవరికి, పిల్లల బట్టలు ముందే కుట్టించాలా చివర్లో రెడీమేడ్ కొనాలా, ఇవన్నీ. ఆ లెక్కల్లోనే ఇంకొకటి కలపమంటున్నా. మీ ఇంట్లో, మీ గల్లీలో, మసీదులో మీ పక్కన నిలబడేవాళ్ళలో ఈ నెల ఎవరికి భారంగా గడిచేలా ఉందో ఆలోచించి ఓ నలుగురి పేర్లు రాసి పెట్టుకోండి.

వెతకడం కష్టమేం కాదు. భర్త పోయి ఇద్దత్‌లో (ఇంటిపట్టునే ఉండే గడువులో) ఉన్న ఆవిడ. సుగర్ ఎక్కువైంది, ఈసారి ఒక్కపొద్దులు వద్దని డాక్టర్ తేల్చేసిన పెద్దాయన. డిప్రెషన్‌కి మందులు వాడుతూ ఇంట్లో తప్ప ఎవరికీ చెప్పని కుర్రాడు. పీజీలో అలారం పెట్టుకుని లేచి బిస్కెట్లతో సహరీ (తెల్లారకముందు తినే తిండి) కానిచ్చే ఉద్యోగి. ఇస్లాంలోకి వచ్చాక పుట్టింటివాళ్ళు మాట్లాడటం మానేసిన అమ్మాయి. అప్పులవాళ్ళు ఇంటి ముందుకొచ్చి నిలబడుతున్న ఆటో డ్రైవర్. వీళ్ళెవరికీ సలహాలకి కొదవలేదు, సబర్ (ఓర్పు) చెయ్యి అనేవాళ్ళు ప్రతి ఇంట్లో ముగ్గురుంటారు. సాయంత్రం ఆరింటికి వచ్చి ఇఫ్తార్‌కి వెంటబెట్టుకుని తీసుకెళ్ళేవాళ్ళే దొరకరు. కాబట్టి ఇక్కడ రాసేదంతా ఏర్పాట్ల గురించే, అవి కూడా చాలావరకు నెలవంక కనిపించేలోపే చేసుకోవాల్సినవి.

ఇమాన్ (విశ్వాసం) తక్కువైందా అని కుమిలిపోయేవాళ్ళతో

రంజాన్‌లో సైతాన్లను సంకెళ్ళతో కట్టేస్తారన్న హదీసు (ప్రవక్త గారి మాట) చిన్నప్పటి నుంచి వింటున్నదే. మామూలు మనిషికి అది ధైర్యం. డిప్రెషన్‌లో ఉన్న మనిషికి మాత్రం అదే మాట వేరేగా వినిపిస్తుంది. సైతాన్ కట్టేసి ఉన్నాడు కదా, మరి ఈ చెడ్డ ఆలోచనలన్నీ నావేనన్నమాట, లోపమంతా నాలోనే ఉందన్నమాట అనుకుంటారు. పైకి అనరు, లోపల్లోపల నలిగిపోతుంటారు. తరావీలో (రంజాన్ రాత్రుల్లో చదివే నమాజు) దువా (వేడుకోలు) దగ్గర అందరూ ఏడుస్తుంటే తనకి ఏ చలనమూ లేకపోవడం, ఖురాన్ తెరిస్తే ఒకే ఆయత్ (వాక్యం) దగ్గర అరగంట కూర్చుండిపోవడం, ఇవన్నీ జబ్బు లక్షణాలే అయినా గుండె రాయైపోయిందని తీర్మానించేసుకుంటారు.

అలాంటి మనిషి మీ దగ్గర నోరు విప్పితే వాదనకి దిగొద్దు. యాఖూబ్ అలైహిస్సలాం సంగతి గుర్తు చెయ్యండి. కొడుకు యూసుఫ్ మీద బెంగతో ఆయన కళ్ళు తెల్లబడిపోయాయని ఖురాన్‌లోనే ఉంది (సూరా యూసుఫ్, 84వ ఆయత్), ఆయన ప్రవక్త, ఆ దుఃఖం చూసి ఆయన ఇమాన్‌ని ఎవరూ శంకించరు. మన ప్రవక్త గారికి భార్య ఖదీజా, పెదనాన్న అబూ తాలిబ్ ఒకరి వెనక ఒకరు దూరమైన ఏడాదికి చరిత్రలో దుఃఖ సంవత్సరం అనే పేరే ఉంది. ఈ రెండూ చెప్పి ఆపెయ్యండి. ఇంకా సాగదీసి బయాన్ (ఉపన్యాసం) మొదలుపెడితే విన్నది కూడా గాలికి పోతుంది. ఆ తర్వాత అడగాల్సినవి చిన్న ప్రశ్నలే. రాత్రి ఎన్ని గంటలు పడుకున్నావు, సహరీలో ఏం తిన్నావు, మందు వేసుకున్నావా, రేపు ఫజర్‌కి (తెల్లవారుజాము నమాజు) నేనొచ్చి పిలవనా.

అన్నట్టు, "ఎన్ని పారాలయ్యాయి?" (ఖురాన్‌లో ఎన్ని భాగాలు చదివావు) అన్న ప్రశ్న ఈ నెలంతా మానేస్తే చాలామంది హాయిగా ఊపిరి పీల్చుకుంటారు. ముప్పై పారాలు రెండుసార్లు ఖతం చేసినవాళ్ళు చేస్తారు, వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకుంటారు, అది చూసి రోజుకి అరపేజీ కూడా చదవలేకపోతున్నవాళ్ళు ఇంకా కుంగిపోతారు.

నిద్ర, టీ, అసర్ (సాయంత్రపు నమాజు) తర్వాత కోపం

మనసు గురించి మాట్లాడుతూ ఒంటిని వదిలేస్తే లాభం లేదు. ఈ మధ్య మనకి రంజాన్ ఫిబ్రవరి, మార్చిలో పడుతోంది, ఏటా పది పదకొండు రోజులు ముందుకి జరుగుతుంది కాబట్టి ఇంకొన్నేళ్ళలో నడి చలికాలంలోకి వెళ్ళిపోతుంది. ఈ రోజుల్లో మన దగ్గర ఒక రోజా (ఒక్కపొద్దు) సుమారు 13 గంటలు. ఆకలికి ఒళ్ళు రెండు మూడు రోజుల్లో అలవాటు పడుతుంది, అసలు దెబ్బ నిద్ర మీద. తరావీ అయ్యి ఇంటికొచ్చేసరికి పది, ఏదో తిని ఫోన్ చూసి పడుకునేసరికి పన్నెండు, నాలుగింటికి మళ్ళీ లేవాలి. పది రోజులు ఇలా గడిస్తే గట్టి మనిషికే చిరాకొస్తుంది, ముందు నుంచే ఆందోళనతో బాధపడేవాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు.

తరావీ నుంచి రాగానే పడుకోవడం, ఫజర్ తర్వాత వీలైతే ఇంకో గంట, మధ్యాహ్నం జుహర్ నమాజుకి అటో ఇటో ఇరవై నిమిషాలు, ఇలా ముక్కలు ముక్కలుగానైనా మొత్తం ఆరేడు గంటలు పడేలా చూసుకోవాలి. మధ్యాహ్నపు కునుకుని ఖైలూలా అంటారు, అది సున్నత్ (ప్రవక్త గారి అలవాటు), కాబట్టి సోమరి అని ఎవరైనా అంటే ఆ మాట చెప్పండి. హలీం కోసం, షాపింగ్ కోసం అర్ధరాత్రి దాటేదాకా తిరగడాన్ని వారానికి ఒక రాత్రికి కుదించుకోవాలి, హైదరాబాద్ పాతబస్తీ చుట్టుపక్కల ఉండేవాళ్ళకి ఇది చెప్పినంత తేలిక కాదనీ తెలుసు. ఇంకొకటి మసీదువాళ్ళతో. సహరీకి లేపడానికి ఒకటి రెండుసార్లు మైకులో పిలిస్తే చాలు, మూడున్నర నుంచి ఐదు నిమిషాలకోసారి టైం చెబుతూ ఉంటే పసిపిల్లల తల్లులకీ, నిద్రమాత్ర వేసుకుంటే తప్ప కన్ను మూతపడని వాళ్ళకీ ఆ రాత్రి పోయినట్టే. ఈ రోజుల్లో అందరి చేతుల్లో అలారాలున్నాయి.

రోజుకి ఐదారు టీలు తాగేవాళ్ళకి మొదటి మూడు నాలుగు రోజులు తలనొప్పి, విసుగు తప్పవు, అది కెఫీన్ ఒక్కసారిగా ఆగిపోయినందుకు. రంజాన్‌కి వారం పది రోజుల ముందు నుంచే ఒక్కో కప్పు తగ్గించుకుంటూ వస్తే చాలా తేలిగ్గా గడుస్తుంది. సిగరెట్, గుట్కా అలవాటున్నవాళ్ళదీ ఇదే కథ, అసర్ తర్వాత వాళ్ళు ఎలా ఉంటారో ఇంట్లో ఆడవాళ్ళని అడగాలి. అసర్ నుంచి మగ్రిబ్ (పొద్దుగుంకాక నమాజు) దాకా ఉండే ఆ గంటన్నరే మన ఇళ్ళల్లో మాటా మాటా పెరిగే సమయం, ఒకరికి ఆకలి, ఒకరికి పొయ్యి దగ్గర వేడి, పిల్లలకి ఫోన్ కావాలి. డబ్బు లెక్కలు, పిల్లల మార్కులు, అత్తాకోడళ్ళ పంచాయితీలు ఆ టైంలో ఎత్తకూడదని ఇంటిల్లిపాదీ ముందే ఒప్పందం చేసుకోండి. ఎవరైనా గొడవకి దిగితే నేను రోజాతో ఉన్నానని చెప్పమంది హదీసు, ఆ ఒక్క మాట అనేసి అక్కణ్ణుంచి లేచి వెళ్ళిపోవడం నిజంగా పనిచేస్తుంది.

ఇంటర్, టెన్త్ పరీక్షలు కూడా సరిగ్గా ఈ నెలలోనే వస్తున్నాయి కాబట్టి పిల్లల గురించి ఒక మాట. పరీక్ష రాసే పిల్ల తరావీ మొత్తం నిలబడలేకపోతే ఇషా (రాత్రి నమాజు) చదివి పుస్తకం ముందు కూర్చోనివ్వండి, తరావీ సున్నత్, ఫర్జ్ (తప్పనిసరి) కాదు. "చదువు కోసం దీన్ (ధర్మం) వదిలేస్తావా" అన్న ఒక్క మాట ఆ పిల్ల నెత్తిన రెండు టెన్షన్లు పెడుతుంది.

మందులు వాడేవాళ్ళు, రోజా ఉండలేనివాళ్ళు

ఇది మాత్రం గట్టిగా చెబుతున్నా. రోజా కోసమని మానసిక జబ్బుల మందులు ఎవరికి వాళ్ళు ఆపెయ్యొద్దు, టైములు మార్చెయ్యొద్దు. డిప్రెషన్‌కి, ఆందోళనకి రోజుకి ఒక్కసారి వేసుకునే మాత్రల్ని చాలావరకు ఇఫ్తార్ తర్వాతకో సహరీకో జరుపుకోవచ్చు, రెండు మూడు పూటల మందులైతే ఒక పూట వేసుకునే రకం ఉందేమో డాక్టర్ చూస్తారు. దానికి రంజాన్ నెలవంక కనిపించే ముందు రోజు వెళ్తే లాభం లేదు, మందు మార్చి ఎలా ఉందో చూడటానికి కనీసం మూడు నాలుగు వారాలు కావాలి. లిథియం (మూడ్ నిలకడకి ఇచ్చే మందు) వాడేవాళ్ళు మరీ జాగ్రత్త. ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో ఆ మందు పెరిగిపోయి విషమయ్యే ప్రమాదం ఉంది, చేతులు బాగా వణకడం, వాంతులు, విరేచనాలు, నడుస్తుంటే తూలడం కనిపిస్తే రోజా విడిచేసి నేరుగా ఆసుపత్రికి వెళ్ళాలి.

బైపోలార్ జబ్బు (మనసు విపరీతమైన ఉత్సాహానికీ దిగులుకీ ఊగిసలాడే జబ్బు) ఉన్నవాళ్ళకి నిద్ర చెడటమే జబ్బు తిరగబెట్టడానికి సరిపోతుంది. ఏతెకాఫ్‌లో (రంజాన్ చివరి రోజుల్లో మసీదులోనే ఉండిపోవడం) కూర్చున్న మనిషి మూడు రాత్రులు కన్ను మూయకుండా, అలసట లేకుండా, మాట ఆపకుండా, జేబులో డబ్బంతా పంచేస్తూ కనబడితే భక్తి పొంగుతోందని చుట్టూ చేరి మురిసిపోతారు మనవాళ్ళు. ఆ టైంలో ఇంటికి కబురు చెయ్యాలి. తిండి మానెయ్యడం, తిన్నది కావాలని కక్కుకోవడం లాంటి జబ్బు నుంచి కోలుకుంటున్న అమ్మాయిలకి కూడా ఉపవాసం మళ్ళీ అదే దారిలోకి లాగే అవకాశం ఉంది, ఈ సంగతి తల్లికి కూడా తెలియకపోవచ్చు.

సుగర్ ఉన్నవాళ్ళు రక్తం పరీక్ష చేసుకుంటే రోజా పోదు, మీటర్ పక్కనే పెట్టుకోవాలి, 70 కంటే తగ్గినా 300 దాటినా ఇంకో గంట ఓపిక పడదాం అనుకోకుండా అక్కడే విరమించాలి. రోగులూ ప్రయాణికులూ తర్వాతి రోజుల్లో పూర్తి చేసుకోవచ్చని, అల్లా మీకు సౌలభ్యం కోరుతున్నాడే గాని కష్టం కాదని సూరా బఖరాలో రోజాల ఆయత్‌ల మధ్యలోనే (2:185) ఉంది. ఇక కోలుకునే జబ్బు కానివాళ్ళు రోజాకి ఒకరి లెక్కన పేదవాళ్ళకి భోజనం పెడతారు, దాన్నే ఫిద్యా అంటాం.

ఇదంతా తెలిసినా బాధ పోదు. యాభై ఏళ్ళుగా ఒక్క రోజా వదలని దాదాకి, ఈసారి మధ్యాహ్నం ఒంటిగంటకి కోడలు కంచం తెచ్చి పెడితే ఆ ముద్ద గొంతు దిగదు. ఆయనకి ఫత్వా వినిపించడం కంటే పని ఇవ్వడం మంచిది. సహరీకి అందరినీ లేపే బాధ్యత ఆయనకివ్వండి, ఇఫ్తార్ టైం చూసి దువా చదవడం, గల్లీ పిల్లలకి ఖర్జూరాలు పంచడం, ఫిద్యా డబ్బు ఎవరికివ్వాలో నిర్ణయించడం, ఇవన్నీ ఆయన చేతులమీదుగా జరగనివ్వండి. సాయంత్రం దస్తర్‌ఖాన్ (భోజనానికి పరిచే గుడ్డ) దగ్గర మాత్రం ఆయన చోటు ఆయనకే ఉండాలి, "మీరు తిన్నారుగా, తర్వాత కూర్చోండి" అనే పిల్లల నోళ్ళు ముందే మూయించాలి.

వంటిల్లు

ఆడవాళ్ళ గురించి రాయకుండా ఈ విషయం పూర్తి కాదు. మూడున్నరకి అందరికంటే ముందు లేచేది వాళ్ళే, ఇఫ్తార్‌కి పకోడీ, సమోసా, దహీవడ, పండ్లు కోసిన గిన్నెలు, షర్బత్ అన్నీ సిద్ధం చేసి అజాన్ వినబడే వేళకి చేతిలో గరిటెతోనే ఖర్జూరం నోట్లో వేసుకునేదీ వాళ్ళే. అందరూ తరావీకి వెళ్ళాక గిన్నెలు కడుగుతారు. ఇబాదత్ (ఆరాధన) నెల అని పేరు, ఆవిడకి ఖురాన్ తెరిచే తీరిక దొరికేది ఎప్పుడు?

రోజూ వేపుడు రకాలు వద్దు, వారానికి రెండు రోజులు చాలు, మిగతా రోజుల్లో ఖర్జూరం, పండు, గంజి, తర్వాత నేరుగా భోజనం. గిన్నెలు మగవాళ్ళు, మగపిల్లలు కడగాలి, ఎవరు ఏ రోజో ఫ్రిజ్ మీద అంటించండి. అత్తగారు "మా రోజుల్లో" అని మొదలుపెడితే కొడుకు కలగజేసుకోవాలి, కోడలు కాదు. మసీదులో ఆడవాళ్ళకి చోటు లేని ఊళ్ళల్లో నలుగురైదుగురు ఒక ఇంట్లో చేరి తరావీ చదువుకుంటున్నారు, అది మంచి ఏర్పాటు, ఆ గంటన్నర పిల్లల్ని మగవాళ్ళు చూసుకుంటేనే అది సాగుతుంది.

నెలసరి రోజుల్లో రోజా లేదు, నమాజు లేదు, అది అల్లా ఇచ్చిన వెసులుబాటు. అయినా మన ఇళ్ళల్లో ఆడపిల్లలు వంటింటి తలుపు చాటున నిలబడి రెండు ముద్దలు మింగి, తమ్ముడొస్తే నోరు తుడుచుకుని, సహరీకి కూడా ఉత్తుత్తిగా లేచి కూర్చుంటారు. సిగ్గు వేరు, ఆకలితో మాడటం వేరు. ఇంట్లో మగవాళ్ళు ఎవరు ఎందుకు తింటున్నారని ఆరా తీయడం మానేస్తే ఇది సగం తీరిపోతుంది. బాలింతలు, గర్భిణులు తమకో బిడ్డకో ఇబ్బంది అనుకుంటే రోజా తర్వాతకి వాయిదా వేసుకోవచ్చు, కాన్పయ్యాక దిగులుగా ఉండి ఊరికే ఏడుస్తున్న తల్లి అయితే నిద్ర, తిండి, డాక్టర్ ముందు, రోజాల లెక్క తర్వాత.

తలుపు తట్టే పద్ధతి

"ఎప్పుడైనా ఇఫ్తార్‌కి రండి" అంటే ఎవరూ రారు, మీరూ పిలిచినట్టు కాదు. "ఖాలా, బుధవారం ఇఫ్తార్ మా ఇంట్లో, ఆరింటికి మా అబ్బాయి ఆటో తీసుకుని వస్తాడు" అనాలి. రోజు, టైం, తీసుకెళ్ళే మనిషి, ఈ మూడూ ఉంటేనే అది పిలుపు. మొదటిసారి రాలేనంటే నొచ్చుకోకుండా గిన్నెలో పెట్టి పంపండి, మళ్ళీ వారం పిలవండి. డిప్రెషన్‌లో ఉన్నవాళ్ళకి నలభై మంది కూర్చునే దావత్ ఇఫ్తార్ నరకం, వాళ్ళని ఇద్దరు ముగ్గురు ఉన్నప్పుడు పిలవాలి.

ఇద్దత్‌లో ఉన్నావిడ నాలుగు నెలల పది రోజులు ఇంటిపట్టునే ఉంటుంది, ఆవిడ రాలేదు కాబట్టి ఆడవాళ్ళే వెళ్ళాలి. మూడో రోజు దాకా బంధువులు కిటకిటలాడతారు, ఆ తర్వాత వచ్చే రంజాన్‌లో ఆవిడ ఒక్కతే అజాన్ వింటూ కూర్చుంటుంది. వారానికి రెండు సాయంత్రాలు ఎవరు వెళ్ళాలో ముందే పంచుకోండి. వెళ్ళినప్పుడు పోయినాయన పేరెత్తకుండా జాగ్రత్తపడటం మనవాళ్ళ అలవాటు, నాకైతే అది తప్పనిపిస్తుంది. ఆయనకి ఇఫ్తార్‌లో ఏం ఇష్టం, ఏ మసీదుకి వెళ్ళేవాడు, ఇలాంటివి అడిగితే ఏడుస్తారు, ఏడ్చాక కొంచెం తింటారు కూడా.

కడప, నెల్లూరు వైపు మసీదుల్లో అసర్ తర్వాత గంజి పోస్తారు కదా, పిల్లలు క్యారియర్లు, చెంబులు పట్టుకుని లైన్ కడతారు. ఉన్న ఏర్పాటునే వాడుకోవచ్చు. మీరు రాసుకున్న ఇళ్ళకి ఒక్కో పిల్లవాడిని కేటాయించి రోజూ గంజి చేరవేయించండి, తలుపు తీయకపోతే, గిన్నె కడగకుండా నిన్నటిది అలాగే ఉంటే వచ్చి పెద్దవాళ్ళకి చెప్పమనండి. అమీర్‌పేట, గచ్చిబౌలి హాస్టళ్ళల్లో ఉండే పిల్లలైతే ఒకే బిల్డింగ్‌లో ముగ్గురు దొరికినా ఒక గదిలో సహరీ కలిపి పెట్టుకోవచ్చు, నిద్ర లేపే బాధ్యత వంతులవారీగా. అమెరికాలో ఉన్న మన పిల్లలకి వీకెండ్‌లో మసీదు ఇఫ్తార్ ఉంటుంది, సోమవారం నుంచి గురువారం దాకానే ఒంటరితనం, అందుకని మీ ఫోన్లు ఆ రోజుల్లో వెళ్ళాలి.

గల్ఫ్ ఇళ్ళ సంగతి వేరు. రాయచోటి నుంచి కువైట్‌లోనో, నిజామాబాద్, జగిత్యాల నుంచి సౌదీలోనో ఉన్న మనిషికి ఇక్కడ మగ్రిబ్ అయినప్పుడు అక్కడ ఇంకా నాలుగు గంటలు, కువైట్, సౌదీ మనకంటే రెండున్నర గంటలు వెనక. ఆయన ఇఫ్తార్ టైంకి ఇక్కడ మనవాళ్ళు తరావీలో ఉంటారు. రోజూ కాకపోయినా వారంలో రెండు రోజులు ఆయన రోజా విడిచే టైంకి ఇంట్లోవాళ్ళు వీడియో కాల్‌లో ఉండేలా చూసుకోండి, అక్కడ చాలాసార్లు మనకంటే ఒక రోజు ముందే ఈద్ వస్తుంది కాబట్టి ఆ రోజు ఉదయమే ఫోన్ చెయ్యండి, మన పండగ రోజు చేద్దాంలే అనుకుంటే ఆయన పండగ ఒంటరిగా అయిపోతుంది. కంపెనీల్లో రంజాన్‌కి పనిగంటలు తగ్గిస్తారు, ఇళ్ళల్లో పనిచేసే ఖద్దామాలకి, హౌస్ డ్రైవర్లకి మాత్రం సేఠ్ ఇంట్లోవాళ్ళు రాత్రంతా మేలుకోవడం వల్ల పని ఇంకా పెరుగుతుంది. ఫోన్‌లో డబ్బు పంపావా అనేముందు నిద్రపోయావా అని అడగండి.

మసీదు కమిటీలు చెయ్యగలిగినవి

ప్రతి మసీదుకీ ఒకరిద్దరు తరచూ వస్తుంటారు. వుజూ (నమాజుకి ముందు కాళ్ళూ చేతులూ కడుక్కోవడం) సరిగా అయిందో లేదో, ఉమ్మి మింగితే రోజా పోయిందా, నియ్యత్ (సంకల్పం) మనసులో సరిగా అనుకున్నానో లేదో, రోజుకి నాలుగుసార్లు అవే ప్రశ్నలు. వుజూఖానాలో అరగంట చేతులు కడుగుతూనే ఉంటారు. దీన్ని మనం వస్‌వసా అంటాం, ఇంత ముదిరితే మాత్రం అది ఓసీడీ అనే జబ్బు, చికిత్స ఉంది, మందులున్నాయి. ఇమామ్ సాబ్‌లకి ఒక విన్నపం. ఇలాంటి మనిషికి ఒక్కసారి స్పష్టంగా జవాబివ్వండి, ఉమ్మి మింగితే రోజా పోదు అని. రెండోసారి, పదోసారి అదే అడిగితే మళ్ళీ మళ్ళీ భరోసా ఇస్తూ పోవడం వల్ల ఆ అనుమానం ఇంకా బలపడుతుంది, "దీనికి జవాబు ఇచ్చేశాను బేటా, ఇక డాక్టర్ దగ్గరికి పద, నేనూ వస్తా" అనడమే మేలు. ఇమామ్ సాబ్ స్వయంగా వెంట వస్తానంటే ఆ కుటుంబానికి సగం సిగ్గు అక్కడే పోతుంది.

జుమా (శుక్రవారం) బయాన్‌లో ఒక్క పది నిమిషాలు దీనికివ్వండి. మనసు జబ్బుకి డాక్టర్ దగ్గరికి వెళ్ళడం కూడా వైద్యమే, తవక్కుల్‌కి (అల్లా మీద భరోసా) విరుద్ధం కాదు అని మింబర్ (ఉపన్యాస వేదిక) మీద నుంచి ఒకసారి వినబడితే, బయట మేం ఎన్ని చెప్పినా రాని ఫలితం వస్తుంది. హైదరాబాద్‌లో "ఎర్రగడ్డకి పంపాలి" అనేది తిట్టు కదా, ఆ తిట్టుకి భయపడే చాలామంది ఆసుపత్రి గుమ్మం ఎక్కరు. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రిలోనూ, విశాఖ చినవాల్తేరులోని ఆసుపత్రిలోనూ ఓపీలో చూపించుకుని మందులు తీసుకుని అదే రోజు ఇంటికొచ్చేవాళ్ళు ఉంటారని చెప్పాలి.

డబ్బు కష్టం మనసు కష్టం ఒకదానికొకటి తోడు, పండగ దగ్గరపడే కొద్దీ రెండూ పెరుగుతాయి. జకాత్ పుచ్చుకోదగ్గవాళ్ళని చెప్పిన ఆయత్‌లో (9:60) అప్పుల్లో కూరుకుపోయినవాళ్ళు కూడా ఉన్నారు, మన దృష్టి మాత్రం రేషన్ కిట్ల మీదే. వడ్డీ వ్యాపారి దగ్గరో మైక్రో ఫైనాన్స్‌లోనో ఇరుక్కున్న ఒక ఇంటిని నలుగురు కలిసి బయటపడేస్తే ఆ ఇంట్లో నిద్ర తిరిగొస్తుంది. ఇచ్చేటప్పుడు ఇది జకాత్ అని నోటితో చెప్పనక్కర్లేదు, మీ నియ్యత్ ఉంటే చాలు, పిల్లలకి ఈదీ (పండగ కానుక) అని చెప్పి చేతిలో పెట్టినా చెల్లుతుంది. అర్హులైతే సొంత అక్కాచెల్లెళ్ళకి, మేనత్తలకి కూడా ఇవ్వొచ్చు, తల్లిదండ్రులకి, పిల్లలకి, భార్యకి మాత్రం కాదు. ఇక కిట్ ఇస్తూ ఫొటో తీయడం దయచేసి మానండి, బ్యానర్ ముందు నిలబెట్టి బియ్యం మూట పట్టించి తీసిన ఫొటో ఆ మనిషి కూతురి క్లాస్‌మేట్ల ఫోన్లదాకా వెళ్తుంది.

ముస్లింలు కాని స్నేహితులు, ఆఫీసువాళ్ళు ఎవరైనా చదువుతుంటే, "నీళ్ళు కూడా తాగరా?" అని ప్రతి ఏడాదీ అడగొద్దు, అవును, తాగం. రోజా ఎందుకు లేవని అసలే అడగొద్దు, ఆ జవాబు ఆ మనిషి సొంతం. సర్కారు ఉద్యోగులకి రంజాన్‌లో ఒక గంట ముందు వెళ్ళే వెసులుబాటు ఇస్తుంటారు, ప్రైవేటువాళ్ళకి అది లేదు, కాబట్టి ఐదున్నరకి మీటింగ్ పెట్టకపోవడం మీరు చేయగలిగిన పెద్ద సాయం.

చావు మాట వినిపిస్తే

ఎవరైనా "నేను లేకపోతేనే అందరూ బాగుంటారు", "ఈ రంజాన్‌లో పోతే జన్నత్ కదా" లాంటి మాటలు అంటే నవ్వి కొట్టెయ్యొద్దు, హరామ్ అని గద్దించొద్దు. చనిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగండి, అడగడం వల్ల లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలొద్దు. ఇంట్లో పురుగుమందు, నిద్రమాత్రలు, ఇంకేదైనా ఉంటే అక్కణ్ణుంచి తీసేయండి. 14416కి ఫోన్ చెయ్యండి, అది ప్రభుత్వ టెలీ మానస్ హెల్ప్‌లైన్, 2022 నుంచి ఉంది, ఇరవై నాలుగ్గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు, సహరీ వేళ చేసినా ఎత్తుతారు. ఏదైనా మింగేస్తే 108. పోలీసు కేసవుతుందని దాచేవాళ్ళున్నారు, 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం అలాంటి ప్రయత్నం చేసినవాళ్ళని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవాళ్ళుగా చూడాలి, శిక్షించకూడదు. ఆసుపత్రికి వెళ్ళడం ఆలస్యం చెయ్యొద్దు.

ఆఖరీ అష్రా, పండగ తర్వాత

చివరి పది రోజులు మసీదులు నిండుతాయి, ఇళ్ళల్లో ఒంటరివాళ్ళు ఇంకా ఒంటరవుతారు. షబె ఖద్ర్ (ఖురాన్ దిగిన పవిత్ర రాత్రి) కోసం రాత్రంతా మేలుకోవాలని అందరికీ ఉంటుంది, జబ్బు ఉన్నవాళ్ళు ఆ రాత్రుల్లో ఇషా తర్వాత పడుకుని మూడింటికి లేచి గంట సేపు దువా చేసుకుంటే చాలు, నిద్ర మొత్తం పోగొట్టుకోవద్దు. ఫిత్రా (పండగ దానం) ఈద్ నమాజుకి ముందే ఇవ్వాలన్నది అందరికీ తెలుసు, నా మాట వింటే ఇరవయ్యో రోజాకల్లా ఇచ్చెయ్యండి, పుచ్చుకునేవాళ్ళు పాలు, సేమియా కొనుక్కోవడానికి టైం ఉంటుంది. ఈద్ రోజు మీ లిస్టులోవాళ్ళ ఇళ్ళకి పొద్దున్నే, షీర్ ఖుర్మా వేడిగా ఉన్నప్పుడే వెళ్ళండి, అందరి ఇళ్ళూ తిరిగి అలసిపోయి రాత్రి తొమ్మిదింటికి కాదు.

పండగయ్యాక వారం రోజులకి ఒక వెలితి వస్తుంది, నెలంతా సందడి, మసీదు, దస్తర్‌ఖాన్, ఒక్కసారిగా ఏమీ ఉండదు. దిగులు రెట్టింపయ్యేది చాలామందికి అప్పుడే, అందుకని ఆ నలుగురికి షవ్వాల్ (రంజాన్ తర్వాతి నెల) రెండో వారంలో ఒకసారి ఫోన్ చెయ్యాలని ఇప్పుడే రిమైండర్ పెట్టుకోండి. మందుల టైములు రంజాన్ కోసం మార్చినవాళ్ళు తిరిగి ఎప్పుడు, ఎలా జరపాలో డాక్టర్‌ని అడిగి మార్చుకోవాలి. ఇక కజా రోజాలు (తప్పిపోయి తర్వాత తీర్చాల్సినవి) మిగిలిన ఆడవాళ్ళు ఒంటరిగా ఉండబోతే అవి ఏడాదంతా సాగుతాయి, ఇద్దరు ముగ్గురు కలిసి సోమవారం, గురువారం ఉంటే తొందరగా తీరిపోతాయి. ఆ రోజుల్లో ఇంట్లో మగవాళ్ళు కూడా నాలుగింటికి లేచి కనీసం టీ అయినా పెట్టండి.